పోతుకాయల బుట్ట

మా మరిది ఖమైస్‌ను సంతకు పంపడమంటే డబ్బు బావిలో వేయడమేనని మా ఇంట్లో అందరికీ తెలుసు. బావిలో వేస్తే కనీసం చప్పుడైనా వినిపిస్తుంది. ఒకసారి కంచరగాడిదను కొనుక్కొచ్చాడు. మంచి ఒడ్డూ పొడుగూ, నిగనిగలాడే ఒళ్ళు. ఇంటికొచ్చాక తెలిసింది, అది ఎడమవైపు తప్ప తిరగదు. ఊట దగ్గర నీళ్ళు నింపుకుని వస్తుంటే మా ఇల్లు కుడిచేతి వైపు ఉంటుంది. అందుకని రెండు నెలలపాటు ఖమైస్ ఆ నీళ్ళ డబ్బాలతో కొండంతా చుట్టి ఇంటికి చేరేవాడు. ఇంకోసారి కోడిపుంజు తెచ్చాడు. మధ్యాహ్నం అందరూ కునుకు తీసే వేళకు అది గొంతు చించుకుని కూసేది, తెల్లవారుజామున హాయిగా నిద్రపోయేది. "దీనికి మా అన్నయ్య పోలికొచ్చింది వదినా" అన్నాడు ఖమైస్. వాడి మాటల్లో నేను ఒప్పుకున్నది అదొక్కటే.

వాళ్ళ అన్నయ్య, అంటే మా ఆయన హమ్మాది, వ్యవసాయం పడుకుని చేసేవాడు. ఆలివ్ చెట్టు కింద వెల్లకిలా పడుకుని, టోపీ ముఖం మీద పెట్టుకుని, "ఆ కొమ్మ నరకాలి, ఆ గట్టు ఎత్తు చెయ్యాలి" అని ఆకాశానికి పని పురమాయించేవాడు. ఇక మా అత్త మబ్రూకా. మేకల్ని ఒక్కోదాన్నీ పేరుపెట్టి "నా బంగారు తల్లీ" అని పిలిచేది. నన్ను "ఒసే" అని పిలిచేది. ఇలాంటి ఇంట్లో పదకొండేళ్ళు కాపురం చేశాక నా నాలుక పదునెక్కిందంటే తప్పు నాది కాదు.

నేను పుట్టింది అంజూరపు తోటల్లో. మా నాన్న కాయను గోటితో గిల్లి అది ఏ కొండది, ఎన్నాళ్ళ కిందట కోసింది చెప్పేవాడు. ఆ విద్య నాకూ అబ్బింది. ఊళ్ళో అంజూరాల మీద తగువొస్తే, "సాల్హాను పిలవండి, ఆవిడ చెప్పిందే ఖాయం" అనేవాళ్ళు. నేను చేతులు తుడుచుకుంటూ, తొందరేమీ లేనట్టు వెళ్ళేదాన్ని.

ఆ ఏడు చలికాలంలో మా కొండ మీద మోకాలి లోతు మంచు పడింది. కొండవాలును మెట్లుమెట్లుగా చదును చేసుకున్న మా పొలంలో, పై మెట్టు మీదున్న పోతు అంజూరం మొదలంటా చీలిపోయింది. మా ఒక్క చెట్టే కాదు, చుట్టుపక్కల పోతు చెట్లు సగానికి సగం పోయాయి. పోతుకాయ తినడానికి పనికిరాదు. కానీ దాని కడుపులో నలుసంత నల్ల ఈగలుంటాయి. జూన్‌లో ఆ కాయలు కోసి, గడ్డి పురికి అయిదేసి గుచ్చి, పొద్దున్నే ఆడ చెట్లకు కట్టాలి. ఆ ఈగలు బయటికొచ్చి పిందెల్లో దూరితేనే పిందె నిలుస్తుంది. లేకపోతే పచ్చబడి రాలిపోతుంది. ఇది మా ఊళ్ళో పాలు మరవని పిల్లకు కూడా తెలుసు. తెలియనిది వ్యవసాయాధికారి ఒక్కడికే. ఆయన వసంతంలో తళతళలాడే బూట్లతో వచ్చి, పురికి వేలాడే పాత పోతుకాయనొకదాన్ని విప్పి చూసి, "దీని నిండా పురుగులమ్మా, మందు కొట్టండి" అని కాగితం మీద రాసిచ్చి పోయాడు. ఆ కాగితంతో మా అత్త పొయ్యి రాజేసింది. నేను పొట్ట పట్టుకుని నవ్వాను. నెల రోజులు ఊళ్ళో ప్రతి వాకిట్లో నిలబడి ఆయన నడక నడిచి చూపించాను.

ఏప్రిల్‌లో ఒక సాయంత్రం, అందరం కుస్‌కుస్ పళ్ళెం చుట్టూ కూర్చున్నాం. మా అత్త చెంచా కింద పెట్టింది. ఆమె చెంచా కింద పెట్టిందంటే అది ఇంట్లో చట్టమైనట్టే.

"ఈ ఏడు పై మెట్టు ఖమైస్ చూసుకుంటాడు. పోతుకాయలు వాడే కొనాలి, వాడే కట్టాలి. ఆగస్టులో కాయ దిగిందా, ఆ మెట్టు వాడి పేర రాయించి బశీర్ ఇంటికి పిల్లనడగడానికి పోతాను."

"దిగకపోతే?" అన్నాడు మా ఆయన. ఆ ప్రశ్న కోసం పాపం లేచి కూర్చున్నాడు కూడా.

"దిగకపోతే మెట్టు నీది. వాడు ఎక్కడో కూలి చూసుకుంటాడు."

"మెట్టెందుకత్తమ్మా వాడికి?" అన్నాను. "కుడివైపు తిరిగే గాడిదను ఒకదాన్ని కొనిపెట్టు. పాతదానితో కలిపి కడితే రెండూ కలిసి నేరుగా నడుస్తాయి."

అందరూ నవ్వారు. అందరికంటే ముందు ఖమైసే నవ్వాడు. అది వాడి గుణం, తన మీద పడ్డ రాయిని తనే ఏరి చేతికిచ్చే రకం. అలాంటివాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండేది.

దాచడమెందుకు, ఆ పై మెట్టు మీద నా కన్ను పెళ్ళైన మొదటి వేసవి నుంచీ ఉంది. ఇరవైమూడు అంజూరపు చెట్లు. ఊట నీళ్ళు మొదట తగిలేది వాటికే. కింద మా వాటాకొచ్చిన ఆలివ్ చెట్లు మా ఆయనకు నీడనివ్వడానికి తప్ప దేనికీ పనికొచ్చేవి కావు. అంజూరాల ఇంట పుట్టిన నేను రాతినేల మీద మేకపేడ ఏరుతుంటే, మధ్యాహ్నం కూసే పుంజును కొన్నవాడికి ఆ మెట్టంటే నాకు గొంతు దిగలేదు.

బశీర్ మా పక్క మెట్టువాడు. ఊళ్ళో ఏ పెళ్ళికైనా అందరికంటే ముందొచ్చి, మాంసం ఉడకలేదని చెబుతూ అందరికంటే చివర లేచే మనిషి. ఆయన కూతురు షెద్లియా. రెండు మెట్లకూ మధ్య రాతిగోడ. బాగుచేసే నెపంతో ఆ గోడలో ఒక రాయిని ఖమైస్ రోజూ పీకి రోజూ పెట్టేవాడు. ఆ గోడ కొండంత బలంగా ఉందని తెలిసినా బశీర్ ఏమీ అనేవాడు కాదు. ఒక్కసారి మాత్రం అన్నాడు.

"ఒరే అబ్బాయ్, నా కూతురు గాలి మేసి బతకదు. మట్టి చూపించు, పిల్లను తీసుకుపో."

"చూపిస్తాను సీ బశీర్" అన్నాడు ఖమైస్, పెద్దలను పిలిచే మర్యాదతో, చేతిలో రాయి పట్టుకుని.

"రాయి కాదురా, మట్టి" అన్నాడు ఆయన.

జూన్ వచ్చింది. పోతుకాయలకు కరువైంది. కింది ఊరి సంతకు వారంలో ఒక్క రోజే వచ్చేవి, అదీ ఒక ముసలామె దగ్గర. వారం దాటితే మా చెట్ల పిందె నోరు మూసుకుంటుంది, తర్వాత ఎన్ని కట్టినా లాభం లేదు. సంతరోజు పొద్దున్నే ఖమైస్ తలకు కొత్త గుడ్డ చుట్టుకుని బయలుదేరాడు.

"పెళ్ళికొడుకువా, బేరగాడివా?" అన్నాను.

"రెండూనూ, వదినా."

"కాయలు కొనేముందు నడిపించి చూడు. ఎటు తిరుగుతాయో."

ఆ రోజు నాకు చేతినిండా పని. రొట్టెలు కాల్చాలి, ఉన్ని ఆరబెట్టాలి. పైగా మా అత్త పొద్దుట్నుంచీ ఒకటే గొడవ, పరుచుకు పడుకునే గొర్రెతోళ్ళలో నల్లులున్నాయి, రాత్రంతా కుట్టి చంపాయి అని. ఆమెను కుట్టిన నల్లి బతికి బట్ట కట్టిందా అని నా అనుమానం. పొద్దు వాలుతుండగా పిచికారీ డబ్బా తీసుకుని సామాన్ల గదిలోకి వెళ్ళాను. గోడ వారగా తోళ్ళు, ఉన్ని మూటలు పైకప్పు దాకా పేర్చి ఉన్నాయి. ముక్కుకు కొంగు కట్టుకుని, ఊపిరి బిగబట్టి, పైనా కిందా, మూటల సందుల్లోనూ మందు కొట్టి, తలుపు బిగించి బయటపడ్డాను. ఖమైస్ ఎప్పుడొచ్చాడో, బుట్ట ఎక్కడ పెట్టాడో నేను చూడలేదు. రొట్టెలు తినేటప్పుడు అడిగాను.

"ఏం కొన్నావు నాయనా, చూపించవూ?"

"రేపు చెట్ల మీద చూద్దువుగాని" అన్నాడు. అని నా వంక చూడకుండా నూనెలో రొట్టె ముంచాడు. సిగ్గుపడుతున్నాడనుకున్నాను.

మర్నాడు పొద్దున మబ్బు పట్టింది. నేను ఊట దగ్గర బిందె నింపుతూ పైకి చూశాను. ఖమైస్ నిచ్చెన మీద నిలబడి పురులు కడుతున్నాడు, గొంతెత్తి పాడుతున్నాడు. పాటకూ వాడికీ చుట్టరికం లేదు. కింద మా అత్త నిచ్చెన పట్టుకుని, "ఆ కొమ్మకురా, ఆ కొమ్మకు, అది నా పెళ్ళినాటి చెట్టు" అని అరుస్తోంది. గోడ అవతల షెద్లియా ఒకే పళ్ళెం అరగంట నుంచి కడుగుతోంది. కంచరగాడిద ఒక చెట్టు చుట్టూ ఎడమవైపుగా తిరిగి, తాడు మొత్తం చుట్టుకుని, మూతి మానుకు ఆనించి నిలబడింది.

"ఈగలు లేవట్లేదేమిట్రా?" అంది మా అత్త.

"చల్లగా ఉందిగా అమ్మా. ఎండ రానీ."

ఇరవైమూడు చెట్లకూ కట్టాడు. దిగి వచ్చి, చేతులు నడుం మీద పెట్టుకుని, తన పెళ్ళి విందు చూసుకుంటున్నట్టు చూసుకున్నాడు.

పన్నెండో రోజున మా అత్త పెట్టిన కేక కింద ఆలివ్ చెట్ల దాకా వినిపించింది. మా ఆయన నిద్రలోంచి లేచి పరుగెత్తడం నేను ఆ ఒక్కసారే చూశాను. పై మెట్టు నేలంతా పసుపు. పిందెలు. చెట్టు ఊపనక్కర్లేదు, గాలి తగిలితే చాలు టపటపా రాలుతున్నాయి. బశీర్ అప్పటికే గోడ దాటి వచ్చి నిలబడ్డాడు. చేతిలో ఉన్న పిందెను ఖమైస్ వైపు చాచాడు.

"ఇదేనా మట్టి?"

ఖమైస్ ముఖంలో నెత్తురు లేదు. "మంచి కాయలే సీ బశీర్. ఆ అవ్వ నా కళ్ళముందే ఒకటి కోసింది, ఈగలు నా ముఖం మీదకే లేచాయి. ఒట్టు."

"కంచరగాడిద కూడా నీ కళ్ళముందే నడిచిందిగా?" అన్నాడు మా ఆయన. బశీర్ పకపకా నవ్వాడు. ఏడుపు మొహంతో ఉన్న మా అత్త కూడా ఆగలేక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఎండకు పెట్టావేమోరా" అంది తర్వాత.

"లేదమ్మా! సామాన్ల గదిలో, ఉన్ని మూటల వెనక, తడి గోనె కప్పి పెట్టాను. అక్కడైతే చల్లగా ఉంటుందని." ఒకసారి నా వైపు చూసి తల దించుకున్నాడు. "బయట పెడితే వదిన చూసి ఏదో అంటుందని."



"సాల్హా" అన్నాడు మా ఆయన, "నువ్వు చూసి చెప్పు. పాతవా, కావా? నీ మాటే ఖాయం."

అందరూ నా వైపు తిరిగారు. నేను దగ్గరి కొమ్మ నుంచి ఒక పురి తెంపాను. కాయలు ఎండి ముడుచుకుపోయాయి. ఒకదాన్ని గోటితో చీల్చాను. ఈగలు వెళ్ళిపోయిన పాతకాయ లోపల బోసిగా ఉంటుంది. ఇది బోసిగా లేదు. రెక్కలతో సహా ఈగలు కాయ నోటి దగ్గర ఒకదాని మీద ఒకటి గుట్టగా పడి చచ్చి ఉన్నాయి. కొన్ని సగం బయటికొచ్చి ఆగిపోయాయి. ఎరగనివాళ్ళకు అది నల్లటి పొట్టు. నాకు కాదు. నా పిచికారీ డబ్బా నా కళ్ళముందు కనిపించింది.

ఖమైస్ నా ముఖంలోకి చూస్తున్నాడు. గోడ మీదుగా షెద్లియా కూడా చూస్తోంది. నేను గుప్పిట మూశాను. కాయ నలిగింది.

"పాతవి" అన్నాను. "సంతకు రాకముందే ఖాళీ అయినవి."

ఎవరూ ఇంకో కాయ విప్పి చూడలేదు. ఎందుకు చూస్తారు? నేను చెప్పాక ఇక చూడడానికేముంది. బశీర్ పిందెను నేలకేసి కొట్టి గోడ దాటి వెళ్ళిపోయాడు. షెద్లియాను పేరు పెట్టి పిలిచాడు, ఆమె లోపలికి పోయింది. నేను ఊట దగ్గరికి వెళ్ళి చెయ్యి కడుక్కున్నాను, ఇసుకతో రుద్ది మళ్ళీ కడుక్కున్నాను.

తర్వాతి సంతకు ఖమైస్ ఆ ముసలామెతో తగువు పెట్టుకోవడానికి వెళ్ళాడు. ఊళ్ళో కుర్రాళ్ళు తోడొస్తామన్నారు, తమాషా చూడడానికి. సాయంత్రం తిరిగొచ్చి వాకిట్లో రాయి మీద కూర్చున్నాడు. నేను నీళ్ళిచ్చాను.

"ఏమంది?"

"పిల్లల మీద ఒట్టేసింది వదినా. నలభై ఏళ్ళుగా అమ్ముతున్నాను, ఎవరూ ఇంత మాటనలేదని ఏడ్చింది. నేనే క్షమించమని చెప్పి వచ్చాను." నీళ్ళు తాగి మూతి తుడుచుకున్నాడు. "ఆమె కోసి చూపించిన కాయ ఒక్కటే మంచిదేమో. మిగతావి నేను చూసుకోవద్దూ? నువ్వన్నమాట నిజం, నాకు కొనడం రాదు."

వేరే రోజైతే ఆ మాటకు నేను పది మాటలు పేర్చేదాన్ని. తగువుకు పోయి క్షమాపణ చెప్పుకొచ్చినవాణ్ణి ఊరికే వదిలేదాన్నా? ఆ రోజు చెంబు తీసుకుని లోపలికి వచ్చేశాను. లోపల మా ఆయన నిద్రపోతున్నాడు. నాకు ఆ మనిషి మీద, అత్త మీద, ఆమె నల్లుల మీద, బుట్ట దాచిన ఆ చవట మీద పట్టరాని కోపం వచ్చింది. నా నోటికి జడిసి దాచాడు. జడవకుండా వాకిట్లో పెట్టి ఉంటే నేను నాలుగు మాటలనేదాన్ని, వాడు నవ్వేవాడు, చెట్లు కాసేవి. రెండు రోజులు అందరి మీదా గిన్నెలు విసిరాను. ఎవరూ కారణం అడగలేదు. నాకు కోపం రావడానికి ఆ ఇంట్లో కారణం ఎప్పుడూ అక్కర్లేదు.

చెప్పాలని అనుకోలేదా అంటే అనుకున్నాను. పొద్దున లేచి ఇవాళ చెబుతాననుకునేదాన్ని. పొయ్యి రాజేసేసరికి ఇంకో ఆలోచన వచ్చేది. ఇప్పుడు చెబితే రాలిన పిందె మళ్ళీ కొమ్మెక్కుతుందా, వచ్చే ఏడైనా వాడు ఇంకేదో తప్పు చెయ్యడా, వాడు వాడే కదా. ఈ ఆలోచన నాకు చాలా తెలివైనదిగా కనిపించేది. నా తెలివి మీద నాకున్న నమ్మకం అంతా ఇంతా కాదు.

ఆగస్టులో పై మెట్టు మీద మనిషికొక పండు కూడా దిగలేదు. మా అత్త మా ఆయన్ని వెంటబెట్టుకుని పట్టణానికెళ్ళి మెట్టు ఆయన పేర రాయించింది. ఆయన ఆ సాయంత్రమే పైకెళ్ళి, ఏ చెట్టు కింద నీడ చిక్కగా ఉందో చూసుకుని పడుకున్నాడు. నేను ఇరవైమూడు చెట్ల మధ్యా నడిచాను. పదకొండేళ్ళుగా అనుకున్నట్టే ఊట నీళ్ళు మొదట నా కాళ్ళకే తగిలాయి. బాగానే ఉన్నాయి. చల్లగా ఉన్నాయి.

షెద్లియాను లారీ నడిపేవాడికిచ్చి చేశారు. ఆ పెళ్ళిలో మాంసం ఉడకలేదన్న మాట బశీర్ నోట రాలేదు, ఎందుకంటే వంట ఆయనదే. మిగతా ఊరంతా ఆ మాటే అంది. ఖమైస్ పెళ్ళికి వెళ్ళి, బల్లలు మోసి, గిన్నెలు కడిగి వచ్చాడు. అంత వెర్రివాడు లోకంలో ఉండడని చెప్పుకుని నవ్వారు.

సెప్టెంబరు మొదట్లో వాడు ఇల్లు వదిలి బయలుదేరాడు. సముద్రం వైపు ఎక్కడో సిమెంటు పని దొరికిందట. మా అత్త మేకల కొట్టంలో కూర్చుని బయటికి రానంది. మా ఆయన, "చేరాక కబురు పంపు" అని పడుకునే చెయ్యి ఊపాడు. రోడ్డు దాకా నేనే వెళ్ళాను. రొట్టెలు, నూనె సీసా, కాస్త ఎండుమిరప ముద్ద మూట కట్టి ఇచ్చాను. రోడ్డు దగ్గర సంచి దించి వాడు నా వైపు తిరిగాడు.

"వదినా, ఒకటి చెప్పాలనుంది. నవ్వనంటే చెబుతాను."

"చెప్పు."

"ఆ రోజు చెట్ల కింద అందరూ నవ్వారు. అన్నయ్య, సీ బశీర్, ఆఖరికి అమ్మ కూడా. నువ్వొక్కదానివే నవ్వలేదు." సంచి మూతి ముడి బిగించాడు. "నేనేం కొన్నా ఎప్పుడూ ముందు నవ్వేది నువ్వేగా. ఆ రోజు మాత్రం ఊరుకున్నావు. తర్వాత కూడా ఒక్క మాటనలేదు. నీకు నా మీద అంత ప్రేముందని నాకు తెలీదు వదినా. బతికున్నన్నాళ్ళూ మర్చిపోను."

ఊళ్ళో ఒక్కొక్కరికీ ఒక్కో పేరు పెట్టినదాన్ని, నాకు పెట్టుకోవడానికి మాట దొరకలేదు. నన్ను చూసి నాకే రోత పుట్టింది. చెప్పడానికి అప్పటికీ వ్యవధి ఉంది. బస్సు ఇంకా కింది మలుపు దగ్గరే ఉంది, మెల్లగా ఎక్కుతోంది.

"సంచి మీద కన్నుంచు" అన్నాను. "బస్సులో దొంగలుంటారు."

"అలాగే" అన్నాడు. వంగి, తల్లికి పెట్టినట్టు నా తల మీద ముద్దు పెట్టి బస్సెక్కాడు.